ఎండలు మండే ఊళ్లలో గినీ పిగ్‌లకు చల్లని, నిమ్మళమైన ఇల్లు: నల్లగొండ, పాలమూరు వైపు పెంచేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

గినీ పిగ్‌ల పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. చలిగాలి, దట్టమైన గడ్డి, ఉలికిపడితే దూరడానికి రాళ్ల సందులు. అక్కడి మనుషులకు ఇవి కొన్ని వేల ఏళ్ల కిందటే మచ్చికయ్యాయి. అలాంటి జీవిని తెచ్చి నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో పెట్టుకుంటున్నామంటే మే నెలలో 42 నుంచి 45 డిగ్రీల ఎండ మధ్య దాని ప్రాణం మన చేతిలో పెట్టుకుంటున్నామని అర్థం. అందుకే ఇక్కడ పంజరం రెండో మాట. ఇంట్లో ఏ చోట పెడతారన్నది మొదటి మాట.

ఒక్క లెక్క గుర్తుంచుకోవాలి. గదిలో 18 నుంచి 24 డిగ్రీలు ఉంటే గినీ పిగ్ హాయిగా ఉంటుంది. 27 దాటితే ఇబ్బంది పడుతుంది. 30 దాటి గాలి ఆడకపోతే వడదెబ్బకు దగ్గరపడుతుంది. చెమటతో ఒంటిని చల్లార్చుకునే వీలు దానికి లేదు, పైగా ఒంటినిండా బొచ్చు.

కొనేముందు తేల్చుకోవాల్సినవి

ఒక్కదాన్ని పెంచకండి. ఇవి గుంపు జీవులు. ఒంటరిది మూలకు ముడుచుకుని తిండి తగ్గించేస్తుంది. రెండు ఆడవి లేదా ఒకే ఈతలో పుట్టిన రెండు మగవి సరిపోతాయి. మూడు మగవి కలిస్తే కొట్లాట తప్పదు. ఆడ, మగ కలిపి తెస్తే 59 నుంచి 72 రోజుల్లో పిల్లలు వస్తాయి, ఈనిన కొద్ది గంటలకే ఆడది మళ్లీ చూలు కట్టగలదు. ఆరు, ఏడు నెలల వయసు దాటాక మొదటిసారి చూలు కట్టిన ఆడదానికి కటి ఎముక బిగుసుకుపోయి ఈనడం కష్టమై ప్రాణం పోయే ప్రమాదం ఉంది. మగ పిల్లలు మూడు వారాలకే తల్లిని సైతం చూలు చేయగలవు కాబట్టి, ఆ వయసుకు వాటిని వేరు చేయాల్సిందే. దుకాణంలో ఆడ, మగ తప్పు చెప్పడం మామూలే. తెచ్చిన వారంలోనే తెలిసినవారికి చూపించి నిర్ధారించుకోండి.

కుందేలుతో కలిపి ఉంచొద్దు. కుందేలు వెనక కాలితో తన్నితే చిన్న ఎముకలు విరుగుతాయి. కుందేలుకూ కుక్కకూ పెద్దగా హాని చేయకుండా ముక్కులో ఉండే బోర్డెటెల్లా అనే సూక్ష్మజీవి గినీ పిగ్‌కు నిమోనియా తెస్తుంది.

బాగా చూసుకుంటే ఇవి ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. పిల్లలు అడిగారని తెచ్చినా రోజూ గడ్డి వేసి, నీళ్లు మార్చి, బరువు చూసే పని పెద్దవాళ్లదే.

మొదటి పని: చోటు వెతకడం

పంజరానికి డబ్బు పెట్టేముందు చవకగా దొరికే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి. మీరు అనుకున్న మూలలో నేలకు అడుగు ఎత్తున పెట్టి మూడు రోజులు చూడండి. మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఐదింటికి, రాత్రి తొమ్మిదింటికి రాసుకోండి. రాత్రి తొమ్మిది లెక్క చాలామంది వదిలేస్తారు. పగలంతా కాలిన స్లాబు రాత్రి వేడి వదులుతుంది. డాబా కింది పై అంతస్తు గది ఎనిమిది, తొమ్మిది గంటలకు కూడా కొలిమిలాగే ఉంటుంది.

పనికొచ్చే చోట్లు: కింది అంతస్తులో ఉత్తరం లేదా తూర్పు వైపు గది, పడమటి ఎండ తగలని గోడ, కింద షాబాద్ బండలో తాండూరు బండలో పరిచిన నేల. పాత బండల ఇళ్లు ఈ విషయంలో కొత్త ఫ్లాట్ల కన్నా మేలు. రేకుల ఇల్లు ఎండాకాలంలో పనికిరాదు. రేకు కింద కూలర్ పెట్టినా మధ్యాహ్నం పైనుంచి దిగే సెగను అది ఆపలేదు. ఇంట్లో మరో చోటు లేకపోతే గినీ పిగ్‌లు తేకపోవడమే వాటికి చేసే మేలు.

వంటగదిలో పెట్టొద్దు. మిక్సీ మోత, కుక్కర్ కూత, మిరపకాయల పోపు ఘాటు అన్నీ అక్కడే. దేవుడి గదిలోనూ వద్దు. అగరుబత్తి, సాంబ్రాణి పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకు పడదు. దోమల బత్తీ కూడా అంతే, దానికి బదులు కిటికీలకు దోమల జాలీ కొట్టించండి. టీవీ పక్కన, నీళ్ల మోటరు పక్కన వద్దు. మనకు వినపడని సన్నని ధ్వనులు కూడా వాటికి వినపడతాయి.

అలాగని ఎవరూ రాని మూలగదిలో పడేయకూడదు. ఇంట్లోవాళ్లు కూర్చునే హాల్లో, నడిచే దారికి పక్కగా, రెండు వైపులా గోడ ఉన్న మూల అన్నిటికన్నా మంచిది. వెనక, పక్కన గోడ ఉంటే ఎటునుంచి ఎవరు వస్తారో వాటికి తెలుస్తుంది. మనుషుల మాటలు, అడుగుల చప్పుడు రోజూ ఒకే తీరుగా వింటుంటే కొన్నాళ్లకు భయం పోతుంది.

రెండో పని: పంజరం కట్టడం

బజారులో దొరికే రెండడుగుల పంజరాలు ఎక్కువగా పక్షులకో, చిట్టెలుకలకో చేసినవి. రెండు గినీ పిగ్‌లకు కనీసం ఏడున్నర చదరపు అడుగుల నేల కావాలి. అయిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉంటే పన్నెండున్నర చదరపు అడుగులు వస్తుంది, ఆ కొలతే మంచిది. ఎత్తు కాదు, పొడవు ముఖ్యం. ఇవి ఎత్తులకు దూకవు, ఎక్కవు, పరుగెత్తుతాయి. రెండంతస్తుల పంజరంలో పై మెట్టు నుంచి పడితే కాలు విరుగుతుంది.

అడుగు తీగలతో ఉన్న పంజరం ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకండి. పాదాలకు బొచ్చు ఉండదు. తీగల మీద నిలబడి నిలబడి పుండ్లు పడి, చీము పట్టి ఎముకదాకా పోతుంది.

ఈ కొలతకు కావలసిన సామాను నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి ఎక్కడైనా దొరుకుతుంది. ఫ్లెక్సీ షాపులో 5 మిల్లీమీటర్ల సన్‌ప్యాక్ షీటు (రెండు పొరల మధ్య ఖాళీలుండే ప్లాస్టిక్ అట్ట), ఎనిమిది అడుగులు నాలుగు అడుగులది, ఒకటి. హార్డ్‌వేర్ షాపులో అంగుళం గడి ఉన్న వెల్డెడ్ జాలీ, మూడడుగుల వెడల్పు రోలు నుంచి పద్నాలుగు అడుగులు. కేబుల్ టైలు ఒక ప్యాకెట్టు. మూత చట్రానికి అంగుళం మందం చెక్క రీపర్లు. కోళ్ల గూళ్లకు వాడే సన్నని ఆరుపలకల జాలీ వద్దు. పిల్లి గట్టిగా లాగితే చిరుగుతుంది, పందికొక్కు కొరికేస్తుంది, గినీ పిగ్ కాలు అందులో ఇరుక్కుంటుంది.

ముందు తొట్టి. సన్‌ప్యాక్ షీటును ఆరడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పుకు కోయండి. నాలుగు అంచుల నుంచి ఆరేసి అంగుళాలు లోపలికి గీతలు గీయండి. ఆ గీతల మీద బ్లేడుతో పైపొర మాత్రమే తెగేలా గాటు పెట్టాలి. రెండు పొరలూ తెగితే తొట్టి అక్కడే ఊడిపోతుంది. నాలుగు మూలల్లో మాత్రం ఒక్కో గీతను అంచు నుంచి ఆరంగుళాల మేర పూర్తిగా తెంపండి, అక్కడ ఒక రెక్క వస్తుంది. షీటును తిప్పి గాట్లు బయటికి వచ్చేలా అంచులను పైకి మడవండి. మూలల్లోని రెక్కలు బయటి గోడకు ఆనించి వెడల్పు టేపు వేయండి. టేపు బయటే ఉండాలి, లోపల వేస్తే కొరికి మింగుతాయి. అయిదడుగులు, రెండున్నర అడుగుల తొట్టి, ఆరంగుళాల గోడలతో తయారవుతుంది.

తర్వాత జాలీ. పద్నాలుగు అడుగుల నుంచి ఎనిమిది అడుగులు కోసి, దాన్ని నిలువునా రెండుగా చీల్చండి. ఒకటిన్నర అడుగు ఎత్తు ఉన్న రెండు ముక్కలు వస్తాయి. ఒక్కోదాన్ని అయిదడుగుల దగ్గర చెక్కపలకకు ఆనించి మూలమట్టంగా వంచితే అయిదు, రెండున్నర పోను ఆరంగుళాలు మిగులుతాయి. ఆ ఆరంగుళాలు రెండో ముక్క మీదికి వచ్చేలా పెట్టి ప్రతి మూడంగుళాలకూ కేబుల్ టై బిగించండి. కోసిన తీగల మొనలు గుచ్చుకోకుండా పాత నీళ్ల పైపును నిలువుగా చీల్చి అంచుల మీద తొడగండి. మిగిలిన ఆరడుగుల ముక్క మూతకు సరిపోతుంది. మూత తప్పనిసరి. గోడ దూకి వచ్చే పిల్లులు, వెంటిలేటర్ నుంచి దిగే ఎలుకలు, కిటికీలో చెయ్యి పెట్టే కోతులు మన ఊళ్లలో లేని చోటెక్కడ?

తలుపు ముందువైపే పెట్టాలి. అందరూ మూత తెరిచి పైనుంచి చెయ్యి దించుతారు. పైనుంచి ఏది దిగినా గినీ పిగ్‌కు అది గద్దే. రోజుకు రెండుసార్లు అలా భయపెడితే ఎన్ని నెలలైనా మచ్చిక కాదు. ముందు జాలీలో తొట్టి గోడకు పైన, పదిహేను అంగుళాల వెడల్పు, పది అంగుళాల ఎత్తున మూడు వైపులా కోసి, కిందికి మడిచేలా ఉంచండి. పైన కొక్కెం పెడితే చాలు.

పాత ఇనుప మంచం ఉంటే దాని మీద తొట్టి సరిగ్గా కూర్చుంటుంది. మంచం కోళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు పెట్టండి, ఎర్రచీమలు ఎక్కవు. చీమల మందు గీతలు, పొడులు పంజరం దగ్గర గీయొద్దు. ఎండాకాలంలో మాత్రం తొట్టిని బండ నేల మీదికి దించండి, గదిలో అన్నిటికన్నా చల్లని గాలి అక్కడే ఉంటుంది.

మూడో పని: పరుపు

ఊక మిర్యాలగూడ మిల్లుల దగ్గర కుప్పలు కుప్పలుగా దొరుకుతుంది కాబట్టి దాన్నే పోద్దామనిపిస్తుంది. వద్దు. ఊక మొనలు కళ్లలో, పాదాల్లో గుచ్చుకుంటాయి, దుమ్ము ముక్కులో చేరుతుంది. కోతమిల్లు రంపపు పొట్టు కూడా అంతే. దానిలో ఏ కర్ర కలిసిందో, దానికి ఏ మందు కొట్టారో తెలియదు.

మన ఇళ్లలో అన్నిటికన్నా బాగా పనిచేసేది బొంత. తొట్టి అడుగున పాత ఫ్లెక్సీ ముక్క ఒకటి, దాని మీద రెండు మడతల పాత నూలు బొంత, ఆ పైన ఫ్లీస్ (మెత్తని నూగున్న సింథటిక్ బట్ట) దుప్పటి. ఫ్లీస్ ఉచ్చను కిందికి దించేస్తుంది, బొంత పీల్చుకుంటుంది, పై భాగం పొడిగా ఉంటుంది. కొత్త ఫ్లీస్ అలా చేయదు, దాని మీద నీళ్లు గోళీల్లా నిలుస్తాయి. వాడకముందు వేడినీళ్లలో మూడుసార్లు ఉతకాలి. కంఫర్ట్ లాంటి మెత్తదనం ద్రవం ఎప్పుడూ వేయొద్దు, వేస్తే ఆ గుణం పోతుంది. గ్లాసు నీళ్లు మధ్యలో పోసి చూడండి. పది సెకన్లలో కిందికి దిగిపోతే దుప్పటి సిద్ధం. ఫ్లీస్ అంచులు బొంత కిందికి మడవండి, ఊడిన దారాలు కాలివేళ్లకు చుట్టుకుంటే రక్తం ఆగి వేలు ఎండిపోతుంది. ఇలాంటి జతలు మూడు ఉంచుకోండి. వానాకాలంలో బొంత రెండు రోజులకు గానీ ఆరదు.

నాలుగో పని: లోపలి ఏర్పాటు

గినీ పిగ్ నిమ్మళంగా ఉండేది దాక్కునే చోటు ఉన్నప్పుడే. అది లేక భయంతో బిగుసుకుని కూర్చున్నదాన్ని చూసి చాలామంది "మంచిగ ఉంటది, అల్లరి చెయ్యదు" అనుకుంటారు. రెండు జీవులకు మూడు గూళ్లు పెట్టండి. ప్రతి గూటికీ రెండు దారులుండాలి. ఒకే దారి ఉంటే పెత్తనం చేసేది గుమ్మంలో కూర్చుని రెండోదాన్ని లోపల బంధిస్తుంది.

అట్టపెట్టె అయితే అడుగు పొడవు, తొమ్మిదంగుళాల వెడల్పు, ఎనిమిదంగుళాల ఎత్తు ఉంటే చాలు, ఎదురెదురుగా అయిదంగుళాల దారులు కోయండి. ఎండాకాలానికి మాత్రం మట్టి కుండకు సాటి లేదు. అడుగు పగిలిపోయిన పెద్ద కుండ ఉంటే పారేయకుండా అంచులు రాయితో నున్నగా రుద్ది అడ్డంగా పెట్టండి. రెండు దారుల గూడు అదే అయింది. పైన తడిగుడ్డ వేస్తే లోపల గది కన్నా చల్లగా ఉంటుంది. పక్కన అడుగు చదరం తాండూరు బండ ముక్క ఒకటి వేయండి. మధ్యాహ్నం పొట్ట ఆనించి దాని మీదే పడుకుంటాయి, నడుస్తూ ఉంటే గోళ్లు కూడా కొంత అరుగుతాయి.

గడ్డి ఒక కొసన, నీళ్లు దాని పక్కన, గూళ్లు రెండో కొసన, మధ్యలో మూడడుగుల ఖాళీ. ఆ ఖాళీ పరుగుకు. బాగున్న గినీ పిగ్ ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి పడుతుంది, మూర్ఛ అని కంగారు పడొద్దు, అది సంబరం. చిట్టెలుకలకు పెట్టే తిరిగే చక్రం వీటికి పెట్టొద్దు, వెన్ను వంగిపోతుంది.

ఐదో పని: మేత

తినేదాంట్లో పదికి ఎనిమిది పాళ్లు ఎండుగడ్డి ఉండాలి. వాటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచున్న గడ్డి రోజంతా నమిలితేనే అరుగుతాయి, పేగులు కదులుతాయి. బయటి దేశపు టిమోతీ గడ్డి ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, మంచివే, కానీ రెండింటికి నెలనెలా అదే వేయాలంటే ఖర్చు. మనకు గరిక ఉంది. వినాయక చవితి పత్రిలో పెట్టే ఆ గరికే వీటికి మంచి మేత.

గరికను పూతకు ముందు, మంచు ఆరిపోయాక పొద్దున కోయండి. నీళ్లలో జాడించి, నీడలో పలుచగా పరిచి రోజుకు రెండుసార్లు తిరగేస్తూ రెండు మూడు రోజులు ఆరబెట్టండి. ఎర్రటి ఎండలో పెడితే పచ్చదనం, సారం రెండూ పోతాయి. కాడ విరిస్తే పుటుక్కున విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టు. గోనె సంచిలో నింపి నేలకు తగలకుండా సజ్జ మీద పెట్టండి. బూజు వాసన వస్తే మొత్తం పారేయాల్సిందే, బాగున్నది ఏరి వేయొద్దు.

పత్తి చేను గట్ల మీది గరిక కోయొద్దు. మన రెండు జిల్లాల్లోనూ పత్తికి మందులు కొడుతూనే ఉంటారు, గట్టు గడ్డి మీద ఆ తుంపర పడుతుంది. వయ్యారిభామ కలిసిన చోట కోయొద్దు, అది విషపు కలుపు. లేత జొన్న, వానలు లేక వాడిన జొన్న పశువులనే చంపే విషం తయారు చేసుకుంటాయి, వీటికి వేసే ఆలోచనే వద్దు. వరిగడ్డిలో సారం లేదు, గూట్లో పరచడానికి తప్ప మేతకు కాదు. లూసర్న్ అనే పశువుల మేతలో కాల్షియం ఎక్కువ. ఆరు నెలల లోపు పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి మంచిది, పెద్దవాటికి రోజూ వేస్తే మూత్రంలో రాళ్లు.

ఇక విటమిన్ సి. మనిషిలాగే గినీ పిగ్ ఒంట్లో కూడా ఇది తయారు కాదు. ఒక్కోదానికి రోజుకు కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. చూలుతో ఉన్నప్పుడు, జబ్బు పడినప్పుడు ఎక్కువ వైపే ఉండాలి. కొన్ని వారాలు అందకపోతే కీళ్లు వాస్తాయి, నడవదు, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది, బొచ్చు గరుకుగా మారుతుంది. నీళ్లలో కలిపే చుక్కలు నమ్ముకోవద్దు. వెలుతురు, వేడి తగిలితే కొన్ని గంటల్లోనే సారం పోతుంది, పైగా రుచి మారి నీళ్లు తాగడం మానేస్తాయి. పచ్చి క్యాప్సికమ్ వంద గ్రాముల్లో 80 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది కాబట్టి రోజుకు పాతిక గ్రాముల ముక్క ఒకదానికి సరిపోతుంది. జామపండులో వంద గ్రాములకు 200 మిల్లీగ్రాములు దాటుతుంది, కానీ తీపి ఉంది, వారానికి రెండుసార్లు బొటనవేలంత ముక్క చాలు. నల్లగొండ బత్తాయి కూడా అలాగే ఒక తొన. రోజూ పెడితే పులుపుకు నోటి చుట్టూ పుండ్లు పడతాయి.

రోజూ ఒక్కోదానికి ఒక కప్పు కూరగాయలు: క్యాప్సికమ్, కొత్తిమీర, కీరదోస. క్యారెట్టు వారానికి ఒకటి రెండు ముక్కలు. మునగాకులో విటమిన్ సి బాగా ఉన్నా కాల్షియం కూడా ఎక్కువే, వారానికి ఒక రెమ్మ. పాలకూర, తోటకూర, పుంటికూరల్లో మూత్రంలో రాళ్లు కట్టించే ఆక్సలేట్లు ఎక్కువ, ఎప్పుడైనా ఒక ఆకు మించొద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, టమాటా ఆకు అసలు వద్దు. అన్నం, రొట్టె, పాలు, బిస్కెట్లు, మక్కలు, పల్లీలు ఏవీ వద్దు. కొత్త కూరగాయ ఏదైనా నాలుగైదు రోజుల్లో మెల్లగా పెంచండి, ఒక్కసారి పెడితే కడుపు ఉబ్బుతుంది.

గినీ పిగ్‌ల మేత గుళికలు (పెల్లెట్లు) రోజుకు ఇరవై గ్రాములు దాటొద్దు. తయారీ తేదీ చూసి కొనండి, మూడు నెలలు దాటితే అందులో విటమిన్ సి పెద్దగా మిగలదు. కుందేలు గుళికల్లో అది కలపరు. కోళ్ల దాణా వీటికి తగినది కాదు, అందులో వీటికి కావలసిన పీచు ఉండదు.

తమ మెత్తటి రెట్టను తామే తినడం చూసి కొట్టకండి. అది జీర్ణానికి అవసరం.

నీళ్లు

నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పనక్కర లేదు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. జీవితాంతం పళ్లు పెరిగే జీవికి ఆ నీళ్లు పొయ్యొద్దు. మీరు తాగే భగీరథ నీళ్లో, ఫిల్టర్ నీళ్లో అవే పోయండి. ఒక్కోటి రోజుకు సుమారు వంద మిల్లీలీటర్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. గొట్టం సీసా ఒకటి, బరువైన పింగాణీ గిన్నె ఒకటి, రెండూ పెట్టండి. సీసా గోళీ ఇరుక్కుంటే నీళ్లు నిండుగానే కనిపిస్తాయి, జీవి దాహంతో ఉంటుంది. రోజూ వేలితో తట్టి చుక్క వస్తుందో లేదో చూడండి.

మార్చి నుంచి జూన్ దాకా

ఎండ ముదరకముందే డాబా మీద సున్నం కొట్టించండి. పడమటి కిటికీలకు వట్టివేళ్ల తడక గానీ, తడిపిన గోనె సంచులు గానీ కట్టండి.

కూలర్ ఏప్రిల్, మే నెలల్లో బాగా పనిచేస్తుంది, అప్పుడు గాలి పొడిగా ఉంటుంది. అది పంజరానికి ఐదారు అడుగుల దూరంలో, గాలి నేరుగా తగలకుండా ఉండాలి. ఎదురు కిటికీ తెరిచే ఉంచాలి, మూసేస్తే గది ఉక్కపోస్తుంది. తొలకరి వానలు పడ్డాక కూలర్ తేమనే పెంచుతుంది, చల్లదనం ఇవ్వదు. అప్పుడు దాన్ని ఆపి ఫ్యాను, కిటికీలు నమ్ముకోవాలి. ఏసీ ఉంటే 24 దగ్గర పెట్టండి.

లీటరు సీసాలు నాలుగు నీళ్లతో నింపి ఫ్రీజర్లో పెట్టండి. రెండు బయట, రెండు లోపల. గట్టకట్టిన సీసాను నూలుగుడ్డలో చుట్టి పడుకునే చోటు పక్కన పెట్టి, మూడు నాలుగు గంటలకోసారి మార్చండి. కరెంటు పోయే ఊళ్లలో ఇదే ఆధారం. పొడుగు బొచ్చు రకాలకు పొట్ట కింద, వెనక బొచ్చు కత్తిరించండి. లావుగా ఉన్నవాటికి, చూలుతో ఉన్నవాటికి ప్రమాదం ఎక్కువ.

ఇవన్నీ చేసినా మధ్యాహ్నం పంజరం దగ్గర 30 తగ్గట్లేదంటే ఆ గది పనికిరాదు. గది మార్చాలి.

నోరు తెరిచి రొప్పడం, చొంగ కార్చడం, కాళ్లు చాచి లేవలేకపోవడం వడదెబ్బ గుర్తులు. వెంటనే చల్లని చోటికి మార్చి, మామూలు చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డతో చెవులు, పాదాలు తుడుస్తూ పశువైద్యుడి దగ్గరికి బయలుదేరండి. ఐసు నీళ్లలో ముంచొద్దు, ఒళ్లు షాకుకు గురవుతుంది. నీళ్లు బలవంతంగా నోట్లో పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

డిసెంబర్, జనవరి రాత్రులు ఇవి సులువుగా తట్టుకుంటాయి. ఒక ఫ్లీస్ ముక్క గూట్లో వేసి, తలుపు సందు నుంచి వచ్చే ఈదురుగాలి ఆపితే చాలు.

తెచ్చిన మొదటి రెండు వారాలు

మొదటి మూడు రోజులు చేతుల్లోకి తీసుకోకండి. పంజరం సగం మీద పలుచని గుడ్డ కప్పి, గడ్డి, నీళ్లు పెట్టి పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడండి చాలు. నాలుగో రోజు నుంచి ముందు తలుపు గుండా కొత్తిమీర రెమ్మ అందించండి. అందుకుని పారిపోయినా మంచిదే. వారం దాటాక ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకొకటి వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తండి. పిల్లలు నేల మీద కూర్చునే పట్టుకోవాలి. నిలబడి పట్టుకుంటే జారి పడుతుంది, ఆ ఎత్తుకు వెన్ను విరుగుతుంది.

గడ్డి సంచి చప్పుడుకు "వీక్ వీక్" మని అరిస్తే మీకు అలవాటు పడ్డట్టే. పళ్లు కటకటలాడిస్తే దూరం జరగమని చెప్పడం. కదలకుండా బిగుసుకుంటే భయం.

దీపావళికి పటాకులు, వినాయక నిమజ్జనానికి, పెళ్లి బరాత్‌లకు డీజే. ఆ రోజుల్లో పంజరాన్ని వీధి వైపు నుంచి లోపలి గదికి ముందు రోజే మార్చండి. కిటికీలు మూసి, పంజరం మూడు వైపులా మందపాటి బొంత కప్పి, గూళ్లలో గడ్డి ఎక్కువ నింపండి. నాలుగో వైపు గాలికి వదిలేయాలి.

శుభ్రం

రోజూ పొద్దున రెట్టలు ఊడ్చి, తడిసిన గడ్డి తీసేయండి. మూడు నాలుగు రోజులకోసారి ఫ్లీస్, బొంత మార్చండి. వారానికోసారి తొట్టి కడగండి. ఫినాయిల్ వద్దు, అది వాటికి హాని చేస్తుంది. అడుగున తెల్లగా పేరుకున్న ఉచ్చ మరకకు తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి పోసి పది నిమిషాలు ఉంచి రుద్దితే పోతుంది. కడిగాక పాత గూళ్లలో ఒకటి కడగకుండా మళ్లీ పెట్టండి. తమ వాసన పూర్తిగా పోతే కొత్త చోటనుకుని కొట్లాడుకుంటాయి. ఒంటికి స్నానం అవసరం లేదు.

బరువు, వైద్యం

వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి వారానికోసారి అదే రోజు, అదే వేళ తూచి గోడ క్యాలెండర్ మీద రాయండి. పెద్దది 700 నుంచి 1200 గ్రాములు ఉంటుంది. ఒక వారంలో యాభై గ్రాములు తగ్గితే కనిపెట్టి ఉండాలి, వంద గ్రాములు తగ్గితే డాక్టరు. జబ్బును చివరిదాకా దాచుకునే జీవి ఇది, త్రాసు మాత్రమే ముందుగా చెబుతుంది. పన్నెండు గంటలు ఏమీ తినలేదంటే తెల్లారేదాకా ఆగొద్దు, పేగులు ఆగిపోతాయి. బొచ్చు రాలి గీరుకుంటుంటే గజ్జి పురుగు కావచ్చు. గుండ్రటి పొలుసులైతే తామర, అది మనుషులకూ అంటుతుంది, చేతులు కడుక్కోండి. గోళ్లు నెలకోసారి కొస మాత్రమే కత్తిరించండి, లోపల ఎర్రగా కనిపించే రక్తనాళం తగలొద్దు.

మందుల షాపులో అడిగి పిల్లలకిచ్చే యాంటీబయాటిక్ వేయడం ఎంతమాత్రం వద్దు. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, కొద్ది రోజుల్లో గినీ పిగ్ చనిపోతుంది. ఆవులు, మేకలు చూసే డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ మాట ముందే చెప్పండి, తప్పుగా అనుకోరు. మీ ఊళ్లో వీటిని చూసేవారు లేకపోతే హైదరాబాద్‌లో చిన్న జంతువులను చూసే ఆసుపత్రి ఒకటి జబ్బు రాకముందే చూసి పెట్టుకోండి. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు. ఎండాకాలంలో తెల్లవారుజామునే బయలుదేరండి. గాలి రంధ్రాలున్న బుట్టలో గడ్డి, కీరదోస ముక్క వేసి, గుడ్డలో చుట్టిన చల్లని సీసా ఒకటి పక్కన పెట్టి, దాని తోడుదాన్ని కూడా వెంట తీసుకెళ్లండి. తిరిగొచ్చాక రెండూ ఒకే వాసనతో ఉంటాయి, కొట్లాట ఉండదు.